సాంటోరినిలో అత్తయ్యతో కలిసి ఎక్కడ దిగాలి? తెలిసినవాళ్లు చెప్పండి

మూలాపేట అమ్మాయి, నెల్లూరు

అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో గ్రీస్ వెళ్దామని ఇంట్లో ఖాయమైంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, మా పెళ్లిరోజు కానుక అని చెప్పి చెన్నై నుంచి దోహా మీదుగా ఏథెన్స్‌కి విమానాలు చూసి పెట్టింది. మేమిద్దరం, అమ్మాయి, మా అత్తయ్య. ఏథెన్స్ త్వరగా ముగించుకుని మిగతా రోజులన్నీ దీవుల్లోనే ఉండాలని అనుకుంటున్నాం.

పేచీ అంతా దిగే చోటు దగ్గరే. అమ్మాయికి సాంటోరినిలో ఓయా ఊరే కావాలి. కొండ అంచున తెల్లటి గుహ ఇల్లు, ముందు చిన్న నీళ్ల తొట్టి, అట్లాంటిది. అక్కడ ఒక్క రాత్రి అద్దె చూసి మా ఆయన ఫోన్ తిప్పి బల్ల మీద పెట్టేశారు. ఆయన షరతు ఒక్కటే: రోజుకో చోటికి పెట్టెలు మోయకూడదు. దీవుల్లో మొత్తం మీద రెండు చోట్లకు మించి మకాం మార్చేది లేదని చెప్పేశారు.

అత్తయ్యకు డెబ్బై దాటాయి. ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోది చేయించుకోనంటుంది. చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తుంది. మెట్లు ఎక్కుతుంది గానీ, దిగేటప్పుడు రైలింగ్ పట్టుకుని పక్కవాటుగా దిగాలి. గుడ్డు కూడా తినదు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తుంది, లేవగానే కాఫీ కావాలి. ఆమెను వదిలి వెళ్లే మాటే లేదు. పాస్‌పోర్టు ఫొటో కోసం అందరికంటే ముందు రెడీ అయి కూర్చుంది.

ఇక నా కోరిక. సూర్యుడు సముద్రంలో మునగడం కళ్లారా చూడాలి. మైపాడు బీచ్‌లో మనకు లేవడమే గానీ మునగడం ఉండదు గదా.

ఇక్కడ ఒక ట్రావెల్స్ ఆయన్ను అడిగితే "చిన్న ద్వీపం మేడమ్, ఎక్కడున్నా ఒకటే" అన్నాడు. నెట్‌లో చూస్తే ఓయా, ఫిరా, కమారి, పెరిస్సా అని నాలుగైదు పేర్లు. కొందరేమో సాంటోరిని వదిలేసి నాక్సోస్ పొమ్మంటున్నారు, ఇంకొందరు క్రీట్ అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

చీమకుర్తి రాయి, ప్రకాశం జిల్లా

మేడమ్, "ఎక్కడున్నా ఒకటే" అన్న ఆయన సాంటోరిని మ్యాపు తెరిచి కూడా చూసుండడు.

నాది గ్రానైట్ వ్యాపారం. సెప్టెంబరులో ఇటలీ వెరోనాలో రాళ్ల ఎగ్జిబిషన్ జరుగుతుంది, మా వైపు నుంచి చాలామంది పోతారు. నేనూ ఆ పని మీద పోయి, గ్రీస్ పాలరాయి చూడాలని అటు మళ్లాను. తర్వాత ఇంట్లోవాళ్లను తీసుకుని మళ్లీ పోయాను. మా అమ్మవీ మోకాళ్ల నొప్పులే, కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా అర్థమవుతుంది.

ముందు సాంటోరిని ఎట్టా ఉంటుందో చెప్తాను. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి, మధ్య భాగం కుంగిపోయి సముద్రంలో కలిసింది. మిగిలిన అంచే ఇప్పటి ద్వీపం. ఆ కుంగిన గుంటనే కాల్డెరా అంటారు. పడమటి వైపు నిలువుగా కోసినట్టు కొండ చరియ. దాని నెత్తిన, నీళ్లకు చాలా ఎత్తులో ఫిరా, ఫిరోస్తెఫాని, ఇమెరోవిగ్లి, ఉత్తరం కొసన ఓయా వరసగా ఉంటాయి. తూర్పు వైపు నేల మెల్లగా వాలుతూ పోయి సముద్రంలో కలుస్తుంది. కమారి, పెరిస్సా ఆ వైపువి. అంటే ఫొటోల్లో కనిపించే తెల్ల ఊళ్లలో దిగితే సముద్రం కళ్లెదురుగా కనిపిస్తుంది గానీ కాలు తడవదు.

ఓయా గుహ ఇళ్ల సంగతి. అవి మొదట్లో ఓడల్లో పనిచేసే కూలీల ఇళ్లు. కొండలో మెత్తటి బూడిద రాయిని తొలిచి కట్టుకున్నారు. కెప్టెన్ల ఇళ్లు పైన, వీళ్లవి కింద. 1956 భూకంపంలో చాలావరకు పాడై, జనం వదిలేసి పోయారు. తర్వాత వాటినే బాగుచేసి హోటళ్లు చేశారు. అందుకని రోడ్డు కొండ మీదే ఆగిపోతుంది. అక్కడి నుంచి మీ గదికి మెట్లు దిగాలి. పెట్టెలు హోటల్ కుర్రాళ్లు భుజాన వేసుకుని తెస్తారు, మనిషిని ఎవరూ మోయరు. ఆ మెట్లు కూడా మన మేడ మెట్లలా ఒకే ఎత్తున ఉండవు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. చాలాచోట్ల రైలింగ్ లేదు. పొద్దున టిఫిన్‌కి ఎక్కు, దిగు. సాయంత్రం బయటికి పోవాలంటే ఎక్కు, దిగు. మీ అత్తగారు రెండో రోజు నుంచి "మీరు పోయి రండి, నేను గదిలోనే ఉంటా" అంటారు. ఆ గదికి చూస్తే ముందువైపు తప్ప కిటికీ ఉండదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఆ నీళ్ల తొట్టి ఫొటోలో ఏకాంతంగా కనిపిస్తుంది. దాని పైన ఇంకో హోటల్ వరండా, ఆ పైన జనం నడిచే దారి. వచ్చేపోయేవాళ్లంతా వంగి చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ పోతారు. మా ఆవిడ ఒక హోటల్లో చూసి, ఇక్కడ తల ఆరబెట్టుకోవడానికి కూడా కుదరదని అనింది.

సూర్యాస్తమయం కోసమే ఓయా అనుకుంటే ఇంకా జాగ్రత్త. "కాల్డెరా వ్యూ" వేరు, "సన్‌సెట్ వ్యూ" వేరు. ఓయాలో చాలా గదులు దక్షిణం వైపు గుంటకేసి చూస్తుంటాయి. సూర్యుడు మునిగేది పడమటి కొసన, పాత కోట దగ్గర. మీరు అంత అద్దె కట్టి కూడా, అందరితో పాటు పోయి ఆ కోట గోడ దగ్గర నిలబడాలి. అయిపోగానే జనమంతా ఒక్కసారిగా బస్‌స్టాండు మీద పడతారు. ద్వీపంలో బస్సులన్నీ ఫిరా నుంచే బయల్దేరతాయి, ఎటు నుంచి ఎటు పోవాలన్నా ఫిరాలో మారాలి. టాక్సీలు చాలా తక్కువ.

మీ నలుగురికీ సరిపడేది నా లెక్కలో ఇది. ఎక్కువ రోజులు నాక్సోస్‌లో, కొద్ది రోజులు సాంటోరినిలో కమారిలో.

కమారి ఎందుకంటే ఊరంతా చదును. సముద్రం పక్కనే పొడుగునా నడకదారి, దాని పక్కనే హోటళ్లు. లావా వల్ల గులకరాళ్లు, ఇసుక నల్లగా ఉంటాయి. మధ్యాహ్నం కాళ్లు కాలిపోతాయి, చెప్పులు వదలొద్దు. అది తూర్పు ముఖం. పెందలాడే లేచే మీ అత్తగారు కాఫీ తాగి, నిదానంగా నడిచిపోతే ఏడింటికి సూర్యోదయం దొరుకుతుంది. ఫిరాకి బస్సులో కాసేపట్లో పోవచ్చు. ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే ఉండటంతో విమానాల చప్పుడు ఉంటుంది, అది ఒప్పుకోవాలి. పెరిస్సా కూడా మంచిదే, ఇసుక ఇంకా మెత్తన, రేట్లు కాస్త తక్కువ, ఫిరా కాస్త దూరం. ఈ రెండు ఊళ్ల మధ్య కొండ అడ్డం, మ్యాపులో పక్కపక్కన కనిపిస్తాయి గానీ రోడ్డు చుట్టు తిరిగి పోతుంది.

ఇక నాక్సోస్. నాకైతే గ్రీస్ అంటే అదే. సైక్లడీస్ అనే ఈ దీవుల గుంపులో అన్నిటికంటే పెద్దది, టూరిస్టుల మీదే బతికే ఊరు కాదు. బంగాళాదుంప పండిస్తారు, జున్ను చేస్తారు, కొండల్లో పాలరాయి తీస్తారు. ప్రధాన పట్టణం పేరు ఖోరా. ఓడ దిగిన చోటే ఊరు. అక్కడి నుంచి నడిచిపోయే దూరంలో అయియోస్ యోర్యియోస్ బీచ్, లోతు లేని నీళ్లు. ఆ బీచ్ దగ్గర కుటుంబాలు నడిపే చిన్న చిన్న స్టూడియోలు ఉంటాయి, అంటే గదిలోనే చిన్న వంటిల్లు. గ్రౌండ్ ఫ్లోర్ అడిగి తీసుకోండి. పాత ఊరి కోట లోపల గదులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ అక్కడ మళ్లీ మెట్లే.

మీరు అడిగిన సూర్యాస్తమయం కూడా అక్కడ బాగుంటుంది. రేవు పక్కన చిన్న తిప్ప మీద పోర్తారా అని పెద్ద పాలరాతి ద్వారం ఒక్కటే నిలబడి ఉంటుంది. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో అపోలో గుడి మొదలుపెట్టి పూర్తి చేయలేదు, ద్వారం మిగిలింది. దానికి ఎదురుగా సముద్రం అవతల సూర్యుడు దిగుతాడు. టికెట్ లేదు, తోపులాట లేదు. రేవు నుంచి కట్ట మీద నడిచిపోవచ్చు, చివర కాస్త ఎగుడుదిగుడు అంతే.

రాళ్లవాణ్ని కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. ద్వీపం ఉత్తరాన అపొల్లోనాస్ అనే ఊళ్లో, గనిలోనే చెక్కుతూ సగంలో వదిలేసిన పది మీటర్లకు పైగా పొడుగున్న రాతి మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెండున్నర వేల ఏళ్లుగా అక్కడే. ఉలి దెబ్బలు ఇప్పటికీ కనపడతాయి. మా క్వారీలో పగులొచ్చిన బ్లాకును ఎట్టా వదిలేస్తామో అట్టాగే వదిలేశారు. మా అమ్మకు అది పట్టలేదు, ఆమెకు మార్కెట్‌లో బంగాళాదుంపలే నచ్చాయి.

క్రీట్ ఈసారికి వద్దు. మంచిది కాక కాదు. తూర్పు పడమరలుగా 260 కిలోమీటర్లు ఉంటుంది, కారు లేకుండా లాభం లేదు. దానికి విడిగా ఇంకోసారి వెళ్లాలి.

కావలి కుర్రాడు, ప్రస్తుతం జర్మనీ

అన్న చెప్పిన దాంట్లో నాక్సోస్ వరకు నూటికి నూరు ఒప్పుకుంటా. కమారి విషయంలో ఒప్పుకోను.

అక్కా, అంత దూరం పోయి కాల్డెరా అంచున ఒక్క పొద్దన్నా నిద్ర లేవకపోతే, సాంటోరిని ఎందుకు పోయినట్టు? పగలంతా క్రూయిజ్ ఓడల జనం. ఈ మధ్య రోజుకు 8,000 మందికి మించి క్రూయిజ్ వాళ్లను దింపకూడదని పరిమితి పెట్టారు, అయినా రద్దీయే. ఆ జనం రాకముందు, పొద్దున్నే కాఫీ కప్పుతో ఆ అంచున కూర్చుంటే ఎదురుగా లోతైన నీలం నీళ్లు, మధ్యలో నల్లటి లావా దీవులు. బస్సెక్కి వచ్చి చూసి పోయేవాళ్లకు అది దొరకదు. మీ పాప అడుగుతున్నది కూడా అదే అనుకుంటా, తొట్టి కాదు.

దానికి ఓయా అక్కర్లేదు. ఫిరోస్తెఫాని చూడండి. ఫిరా నుంచి కాల్డెరా అంచునే నడిచి పోవచ్చు, రద్దీ తక్కువ. అక్కడ కొన్ని పాత హోటళ్లు రోడ్డుకు సమంగా ఉంటాయి. గదిలోంచి కాకపోయినా, అందరికీ ఉన్న మేడ మీద నుంచి కాల్డెరా కనిపిస్తుంది. గుహ గదులతో పోలిస్తే అద్దెలో చాలా తేడా. సూర్యాస్తమయం కూడా ఇక్కడి నుంచి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఎక్కడ బుక్ చేసినా ముందు హోటల్‌కి మెయిల్ పెట్టండి: "కారు ఆగే చోటు నుంచి గదికి ఎన్ని మెట్లు? గది నుంచి టిఫిన్ పెట్టే చోటికి ఎన్ని?" రెండూ విడివిడిగా అడగాలి. "కొన్ని మెట్లు ఉన్నాయి" అని జవాబు వస్తే దాన్ని వదిలేయండి. రివ్యూల్లో కూడా మెట్ల గురించి ఏం రాశారో వెతికి చదవండి, వయసు పైబడినవాళ్లు రాసినవి ముఖ్యంగా.

మూలాపేట అమ్మాయి, నెల్లూరు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. చీమకుర్తి అన్నయ్య రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. నాక్సోస్‌కి అప్పటికప్పుడే ఓటేశారు. కావలి తమ్ముడు రాసింది అమ్మాయికి పంపాను, "చూశావా, నేను అన్నదే" అంటూ నాకే తిప్పి పంపింది. ఇల్లు రెండు పార్టీలైంది.

అత్తయ్య తిండి సంగతి ఎవరైనా చెప్తారా? ఆమె పచ్చళ్లు, పొడులు ఎటూ తెస్తుంది. అన్నం వండుకునే వీలుందా? ఇంకోటి, అడగడానికి మొహమాటంగా ఉంది గానీ అడగాలి, బాత్రూముల్లో నీళ్ల వసతి ఎట్టా ఉంటుంది?

ఒంగోలు టీచరమ్మ

మొహమాటం దేనికమ్మా, అందరికీ కావలసిందే. మనకున్నట్టు చేతి స్ప్రే ఉండదు. కాగితమే. ఆ కాగితం కూడా కమోడ్‌లో వేయనివ్వరు, గొట్టాలు సన్నవి, పక్కన మూతబుట్ట పెడతారు, అందులో వేయాలి. ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు పెట్టెలో పెట్టుకోండి. నేను అదే చేశాను, నాతో వచ్చిన ఆడవాళ్లంతా దాన్ని అరువడిగారు.

తిండికి ఏం ఇబ్బంది లేదు. నేనూ గుడ్డు తినను. గ్రీకులు ఉపవాసాలు చాలా పాటిస్తారు, ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. హోటల్లో "నిస్తీసిమో" ఏముంది అని అడిగితే ఆ ఉపవాసం వంటలు చెప్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి, వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, గవ్వలు, ఆక్టోపస్ లాంటివి తినొచ్చు. అందుకని అవి కూడా వద్దని విడిగా చెప్పాలి. సాంటోరినిలో ఫావా అని పసుపు పప్పు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. అచ్చం మన ముద్దపప్పే. అందులో కాస్త గోంగూర నంజుకుంటే ఇంకేం అక్కర్లేదు. టమాటా, క్యాప్సికంలో అన్నం కూరి కాల్చే గెమిస్తా ఉంటుంది, మాంసం లేనిదేనా అని అడిగి తీసుకోండి. పెద్ద చిక్కుడు గింజల కూర బాగుంటుంది. పెరుగు గడ్డగా, కమ్మగా ఉంటుంది, మీ అత్తగారు దానితోనే బతికేయగలరు.

వంటిల్లున్న స్టూడియో అంటే రెండు ప్లేట్ల కరెంటు పొయ్యి, చిన్న ఫ్రిజ్, రెండు గిన్నెలు. బియ్యం సూపర్ మార్కెట్‌లో దొరుకుతాయి గానీ, మన సన్నబియ్యంలా ఉండవు. కొద్దిగా తీసుకెళ్లండి. పాలతో చేసినవి మాత్రం మన సామానులో పెట్టుకోకూడదు, యూరప్‌లోకి పాలు, మాంసం పదార్థాలు రానివ్వరు. నెయ్యి ఇక్కడే వదిలేయండి. కాఫీ పొడి, ఫిల్టర్ తప్పకుండా తీసుకెళ్లండి. పొద్దున నాలుగున్నరకు అక్కడ కాఫీ ఇచ్చే నాథుడు ఉండడు, రాత్రి పదింటికి భోజనం మొదలుపెట్టే మనుషులు వాళ్లు. సాంటోరినిలో కుళాయి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి, రుచి తేడాగా ఉంటుంది. కాఫీకి కూడా సీసా నీళ్లే వాడండి, లేకపోతే కాఫీ పాడైందని మీ మీదికి వస్తుంది.

చీమకుర్తి రాయి, ప్రకాశం జిల్లా

టీచరమ్మగారి చెంబు సలహాకు నా ఓటు.

బుకింగ్ గురించి కొన్ని మాటలు. వీసాకు దిగే చోట్లన్నీ చూపించాలి. అందుకని ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే ముందు బుక్ చేయండి. వీసా వచ్చాక మార్చుకోవచ్చు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అత్తగారి వయసు చెప్పి ఇన్సూరెన్స్ తీసుకోండి, డెబ్బై దాటితే ప్రీమియం మారుతుంది. ఆర్నెల్ల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, చివరిదాకా ఆగొద్దు.

ఆన్‌లైన్‌లో కనిపించే అద్దె మీద హోటల్ దగ్గర ఇంకో పన్ను కట్టించుకుంటారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గదికి రాత్రికి ఇంత అని. 2025 నుంచి మూడు నక్షత్రాల హోటల్‌కి 5 యూరోలు, నాలుగుకి 10, ఐదుకి 15. ఒకటి రెండు నక్షత్రాలవాటికి 2. రెండు గదులు తీసుకుంటే రెండు రెట్లు. మోసం కాదు, ప్రభుత్వానిదే.

ఓడలు: ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవు నుంచి నాక్సోస్‌కి పెద్ద ఓడలో ఐదు గంటల పైమాటే. చిన్న స్పీడ్ ఓడలు త్వరగా పోతాయి, కానీ గాలికి ఊగుతాయి, గాలి ముదిరితే ముందు ఆగేవి కూడా అవే. జూలై, ఆగస్టులో మెల్తెమి అని ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది. మీరు పోయే నాటికి కాస్త తగ్గుతుంది. ఎందుకైనా మంచిది, పెద్ద ఓడే తీసుకోండి. తిరుగు విమానానికి ముందు రాత్రి ఏథెన్స్‌లో ఉండేట్టు చూసుకోండి. దీవి నుంచి ఓడ దిగి నేరుగా దోహా విమానం ఎక్కే ప్లాన్ మాత్రం వేయకండి.

మీ వారు కారు నడుపుతానంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో ముందే చేయించుకోవాలి, మన లైసెన్సు ఒక్కటే చాలదు.

భూకంపాల గురించి ఎవరైనా భయపెడతారు. 2025 ఫిబ్రవరిలో సాంటోరిని దగ్గర వరసగా వచ్చి వేలమంది ద్వీపం వదిలి పోయిన మాట నిజం. తర్వాత సద్దుమణిగింది, ఆ వేసవికే టూరిస్టులు మళ్లీ వచ్చారు. వెళ్లేముందు వార్తలు ఒకసారి చూసుకోండి.

కావలి తమ్ముడితో నాకేం తగాదా లేదు. ఫిరోస్తెఫానిలో రోడ్డుకు సమంగా దొరికితే నా మాట పక్కన పెట్టేయండి.

మూలాపేట అమ్మాయి, నెల్లూరు

నాక్సోస్‌లో గదుల సంగతి తేలిపోయింది. అయియోస్ యోర్యియోస్ బీచ్‌కి రెండు వీధుల అవతల, కింది అంతస్తులో పక్కపక్కనే రెండు స్టూడియోలు. వంటిల్లు ఉంది, వాకిట్లో నిమ్మచెట్టు ఉంది. రద్దు చేసుకునే వీలుతో బుక్ చేశాం.

సాంటోరినికి అమ్మాయి ఫిరోస్తెఫానిలో ఒక హోటల్ పట్టింది. తమ్ముడు చెప్పినట్టే మెట్ల గురించి రెండు ప్రశ్నలూ మెయిల్ పెట్టాం. "గదికి 34 మాత్రమే, టిఫిన్‌కి ఇంకో 12 మాత్రమే" అని జవాబొచ్చింది. అత్తయ్యకు చెప్తే "ఎక్కేవా, దిగేవా?" అంది. రెండూ అన్నాం. "అయితే మీరు ముగ్గురూ ఆ కొండెక్కండి, నన్ను ఆ కమారిలో వదలండి. నా కాఫీ నేను పెట్టుకుంటా" అంది. మా ఆయన వెంటనే "నేనూ అమ్మతోనే" అనేశారు. చివరికి నలుగురం కమారిలోనే ఉండి, ఒకరోజు నేనూ అమ్మాయీ మొదటి బస్సు పట్టుకుని ఫిరా మీదుగా ఫిరోస్తెఫాని పోయి, జనం రాకముందే ఆ అంచున కూర్చుని రావాలని నిర్ణయం. అమ్మాయి మొహం కాస్త ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. తమ్ముడూ, ఏమీ అనుకోవద్దు.

ఒక్క సందేహం. నాక్సోస్ రేవు నుంచి ఆ స్టూడియోకి నడిచి పోవచ్చని రాశారు. నాలుగు పెట్టెలు, పచ్చళ్ల డబ్బా. టాక్సీ దొరుకుతుందా?

చీమకుర్తి రాయి, ప్రకాశం జిల్లా

టాక్సీ అక్కర్లేదు మేడమ్. అక్కడ చిన్న స్టూడియోలవాళ్లు చాలామంది రేవుకే వ్యాను తెస్తారు, ఎక్కువమంది డబ్బు కూడా తీసుకోరు. ఓడ పేరు, చేరే టైము రెండు రోజుల ముందు మెయిల్ చేయండి. ఓడ ఆలస్యమైనా వాళ్లకు తెలిసిపోతుంది, ఉండే రేవు ఒక్కటే గదా. దిగగానే స్టూడియో పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడతారు. ఓడ ఆగేది కొద్ది నిమిషాలే, నాక్సోస్ అని మైకులో చెప్పగానే పెట్టెలు తీసుకుని కింది డెక్కుకు వచ్చేయండి. పచ్చళ్ల డబ్బా మాత్రం పెట్టెల అరలో పెట్టకండి, అత్తగారి చేతికి ఇవ్వండి.